కూలినవి చెప్పే సాక్ష్యం: ఈదురుగాలి నష్టాన్ని అంచనా వేయడం

(గాలివానల సీజన్‌కు ముందు గ్రామ స్థాయి సిబ్బందికి, ఇంజినీరింగ్ విద్యార్థులకు జరిగిన అవగాహన సదస్సులో ఒక విశ్రాంత సివిల్ ఇంజినీరింగ్ అధ్యాపకుడు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఇంకో రెండు మూడు వారాల్లో ఎండలు ముదురుతాయి. సాయంత్రం పూట ఉన్నట్టుండి మబ్బు కమ్ముతుంది, అరగంట గాలి కొడుతుంది, నాలుగు చినుకులు పడతాయి, వెళ్లిపోతుంది. మర్నాడు పేపరు జిల్లా పేజీలో ఇన్ని స్తంభాలు విరిగాయి, ఇన్ని ఎకరాల్లో అరటి నేలకొరిగింది, ఇన్ని ఇళ్ల రేకులు ఎగిరిపోయాయి అని వార్త వస్తుంది. ఆ అంకెలు తయారయ్యేది మీ చేతుల్లో. పొద్దున్నే బండి మీద వెళ్లి పొలం గట్టున నిలబడి రాసుకొచ్చేది మీరే. ఆ అంకెను బట్టే ఒక రైతుకు నాలుగు రూపాయలు వస్తాయి, లేదా రావు. అందుకే ఈ పనిని నేను చాలా పెద్ద పనిగా చూస్తాను.

2024 ఆగస్టు 31 మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. వాయుగుండం తీరం దాటే సమయం. విజయవాడలో బుడమేరు, ఖమ్మంలో మున్నేరు ముంచెత్తిన రోజులు. అందరి కళ్లూ వరద మీదే ఉన్నాయి. ఆ సాయంత్రమే ములుగు జిల్లా తాడ్వాయి, మేడారం మధ్య అడవిలో చెట్లు వేల సంఖ్యలో కూలిపోయాయి. సుమారు 200 హెక్టార్లలో 50 వేల దాకా చెట్లు పోయాయని అటవీ అధికారుల తొలి అంచనా. డ్రోన్ వీడియోలు మీరూ చూసే ఉంటారు. మహావృక్షాలు వేళ్లతో సహా లేచి పడి ఉన్నాయి. అదే గాలి ఊళ్ల మీదికి వచ్చి ఉంటే ఏమై ఉండేదో ఊహించడానికే భయం వేస్తుంది. సమ్మక్క సారలమ్మలే కాపాడారని అక్కడి జనం చేతులు జోడించారు.

ఆ వారమంతా టీవీల్లో ఒకటే చర్చ. ఒకరు టోర్నడో అన్నారు, ఒకరు క్లౌడ్ బరస్ట్, అంటే కొద్దిసేపట్లో ఒకే చోట కురిసే కుండపోత వాన అన్నారు, ఇంకొకరు సుడిగాలి అన్నారు. స్టూడియోలో కూర్చుని పేరు పెడితే ఏం లాభం? జవాబు ఆ చెట్ల దగ్గరే ఉంది. ఏ చెట్టు తల ఎటు పడింది, ఏ చెట్టు మీద ఏ చెట్టు పడింది, వేళ్లతో లేచిందా, నడుము దగ్గర విరిగిందా అని చూడాలి. అక్కడి నేలలో వేళ్లు లోతుకు దిగలేదన్న మాటను అధికారులు మొదట్లోనే చెప్పారు. మంచి పరిశీలన అది. ఎందుకంటే నష్టంలో రెండు కథలు కలిసి ఉంటాయి. ఒకటి గాలి కథ, రెండోది కూలినదాని కథ. ఈ రెంటినీ విడదీయడమే నష్టం అంచనా అంటే. నేను ఇవాళ చెప్పేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

ముందు గాలి సంగతి చూద్దాం. గాలి వేగం ఒక్కసారిగా కనీసం 29 కిలోమీటర్లు పెరిగి, గంటకు 40 కిలోమీటర్లకు చేరి, నిమిషం పాటైనా నిలిస్తే మన వాతావరణ శాఖ దాన్ని స్క్వాల్ అంటుంది. కొలవడానికి పరికరాలు ఉన్నాయి కదా, మళ్లీ చెట్లను చూడటం ఎందుకని అడగొచ్చు. ఉరుముల మబ్బు నుంచి దిగే గాలి చాలాసార్లు రెండు మూడు కిలోమీటర్ల వెడల్పులోనే కొడుతుంది. పరికరం మండల కేంద్రంలో ఉంటుంది, గాలి పక్క ఊరి తోట మీద పడుతుంది. పరికరంలో 35 అని నమోదవుతుంది, తోటలో మామిడి చెట్టు వేళ్లతో లేచిపోయి ఉంటుంది. అప్పుడు ఆ రైతు మాట నమ్మాలా, ఆ అంకెను నమ్మాలా? తోటకు వెళ్లి చూడాలి.

ఇలా చూడటాన్ని ఒక శాస్త్రంగా నిలబెట్టిన మనిషి టెట్సుయా ఫుజిటా. జపాన్‌లో పుట్టి, అమెరికాలో షికాగో యూనివర్సిటీలో పనిచేశారు. 1945లో అణుబాంబులు పడిన తర్వాత నాగసాకి, హిరోషిమాలకు వెళ్లి, పేలుడు కేంద్రం నుంచి చెట్లు నాలుగు దిక్కులా బయటికి పడి ఉండటం చూశారు. దాదాపు 30 ఏళ్ల తర్వాత, 1974 ఏప్రిల్‌లో అమెరికాలో రెండు రోజుల్లో 148 టోర్నడోలు వచ్చినప్పుడు, ఆయన చిన్న విమానంలో నష్టాన్ని చూస్తూ వెళ్లారు. వెస్ట్ వర్జీనియా అడవుల మీదికి వచ్చేసరికి కింద మళ్లీ అదే బొమ్మ కనిపించింది. చెట్లు సుడి తిరిగినట్టు లేవు, ఒక చోటు నుంచి బయటికి విచ్చుకున్నట్టు పడి ఉన్నాయి. మరుసటి ఏడాది 1975 జూన్ 24న న్యూయార్క్‌లో కెనెడీ విమానాశ్రయంలో దిగబోతూ ఈస్టర్న్ 66 విమానం కూలి 113 మంది చనిపోయారు. ఆ ప్రమాదాన్ని పరిశీలించిన ఫుజిటా, మబ్బు నుంచి చల్లగాలి ధారలా కిందికి పడి నేలకు కొట్టుకుని చుట్టూ పరుచుకుంటుందని చెప్పి, దానికి డౌన్‌బరస్ట్ అని పేరు పెట్టారు. బకెట్ నీళ్లు గచ్చు మీద గుమ్మరిస్తే ఎలా చిమ్ముతాయో అలాగన్నమాట. తోటి శాస్త్రవేత్తలు చాలామంది ఒప్పుకోలేదు. 1978లో షికాగో చుట్టుపక్కల, గాలి కదలికను పసిగట్టే డాప్లర్ రాడార్లు పెట్టి కాపు కాస్తే ఆ సీజన్‌లోనే అలాంటివి 50 దాకా దొరికాయి. ఆ తర్వాత విమానాశ్రయాల్లో వీటిని ముందే పసిగట్టే ఏర్పాట్లు వచ్చాయి. ఎన్ని ప్రాణాలు నిలిచాయో ఆలోచించండి. దానంతటికీ మొదలు, పడిపోయిన చెట్లు ఎటు చూస్తున్నాయని ఒక మనిషి ఓపికగా గమనించడమే.

మీరు చేయాల్సింది కూడా అదే. ఫోన్లో దిక్సూచి ఉంటుంది. పడిన చెట్టు మొదలు దగ్గర నిలబడి తల ఎటు ఉందో చూసి దిక్కు రాసుకోండి. ఇరవై ముప్ఫై చెట్లకు ఇలా రాసి కాగితం మీద బాణం గుర్తులు వేయండి. బాణాలన్నీ ఒకే వైపు ఉన్నా, విసనకర్రలా విచ్చుకున్నా అది మబ్బు నుంచి దిగి పరుచుకున్న గాలి. సన్నటి పొడవాటి బాట ఉండి, రెండు పక్కల చెట్లూ ఆ బాట మధ్యకు తలలు పెట్టి, ఒకదాని మీద ఒకటి అడ్డంగా పడితే అప్పుడు టోర్నడో అని అనుమానించాలి. ఒకదాని మీద ఒకటి పడిన చోట కింద ఉన్నదే ముందు పడింది. కిందిది ఈశాన్యానికి, పైది ఆగ్నేయానికి పడిందంటే ఆ కొద్దిసేపట్లోనే గాలి దిక్కు మారిందని అర్థం.

అయితే అన్ని చెట్లనూ నమ్మకూడదు. రోడ్డు పక్క చెట్లను అస్సలు నమ్మొద్దు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఒక వైపు వేళ్లు నరికేసి ఉంటారు. పైన వైర్ల కోసం ఒక వైపే కొమ్మలు కొట్టేసి ఉంటారు. ఆ చెట్టు ఎటు పడాలో గాలికంటే ముందే మనం నిర్ణయించేశాం. కరెంటు స్తంభాలదీ అంతే. వరసగా ఎనిమిది స్తంభాలు పడ్డాయంటే ఎనిమిదింటినీ గాలే పడగొట్టిందని రాసేస్తారు. చాలాసార్లు చెట్టు ఒక్కటి వైరు మీద పడుతుంది, ఆ లాగుడుకి మొదటి స్తంభం విరుగుతుంది, దాంతో మిగతావి ఒకదాని వెంట ఒకటి పోతాయి. మొదట పోయింది ఏదో వెతకండి. నల్లరేగడిలో వానకు నాని ఒరిగిపోయిన స్తంభాన్ని విరిగిన స్తంభంతో కలిపి లెక్కేయకండి. ఒకటి పునాది సమస్య, రెండోది బలం సమస్య.

ఇక వేగం సంగతి. అమెరికాలో 2007 నుంచి వాడుతున్న మెరుగుపరిచిన ఫుజిటా స్కేలులో ఇల్లు, షెడ్డు, బడి, స్తంభం, చెట్టు ఇలా 28 రకాల వస్తువులు ఉన్నాయి. ఏ వస్తువుకు ఎంత దెబ్బ తగిలితే గాలి సుమారు ఎంత వేగంతో వచ్చి ఉంటుందో అందులో ఉంటుంది. గట్టి జాతి చెట్టుకు చిన్న రెమ్మలు విరిగితే గంటకు సుమారు 97 కిలోమీటర్లు, పెద్ద కొమ్మలు విరిగితే 119, వేళ్లతో లేస్తే 146, మాను విరిగితే 177 అని మధ్యస్థ అంచనాలు. వీటికి కింద పైన కూడా హద్దులు ఇచ్చారు. ఇవి అక్కడి చెట్లను, అక్కడి నేలను చూసి కట్టిన లెక్కలు. మన వేపకు, తుమ్మకు, కాలువ గట్టు మీద పెరిగిన కొబ్బరికి వీటిని నేరుగా అంటగట్టకూడదు. పద్ధతి మాత్రం మనకు పనికొస్తుంది. 2020 ఆగస్టు 10న అమెరికా మధ్య రాష్ట్రాల్లో ఉరుముల గాలి ఒకటి 14 గంటల్లో 1,200 కిలోమీటర్లకు పైగా ప్రయాణించింది. అయోవా రాష్ట్రంలో కోతకు రావాల్సిన మొక్కజొన్న చేలను చాప చుట్టినంత పని చేసింది. ఆ రోజు పరికరంలో నమోదైన అత్యధిక వేగం గంటకు సుమారు 203 కిలోమీటర్లు. సీడర్ ర్యాపిడ్స్ ఊళ్లో ఒక అపార్ట్‌మెంట్ సముదాయానికి తగిలిన దెబ్బను చూసి లెక్క కట్టిన వేగం సుమారు 225. అంటే ఆ రోజు అతి పెద్ద అంకె పరికరం దగ్గర పుట్టలేదు, కూలిన గోడల దగ్గర పుట్టింది.

ఇప్పుడు మన రేకుల షెడ్డు దగ్గరికి వద్దాం. ఇది కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే మన ఊళ్లలో ఎక్కువ నష్టం ఇక్కడే. కోళ్ల ఫారాలు, పశువుల కొట్టాలు, ఇంటి ముందు వేసుకున్న పంచలు, బడి వంటగదులు అన్నీ రేకులే.

గాలి వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది. మన భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగంలో ఉన్న సూత్రం ప్రకారం గంటకు 72 కిలోమీటర్ల గాలికి చదరపు మీటరుకు సుమారు 24 కిలోల ఒత్తిడి. 144 కిలోమీటర్లకు సుమారు 98 కిలోలు. పదడుగుల రేకు సుమారు మూడు చదరపు మీటర్లు అనుకుంటే మొదటి లెక్కలో 70 కిలోల పైన, రెండో లెక్కలో దాదాపు 300 కిలోలు. ఆ రేకును ఒక్క మనిషి ఎత్తేస్తాడు. దాన్ని పట్టి ఉంచేది బరువు కాదు, బోల్టు. కప్పు అంచుల దగ్గర, మూలల దగ్గర గాలి పైకి లాగే లాగుడు ఇంకా ఎక్కువ. గాలి వచ్చే వైపు తలుపు తెరిచి ఉంటే లోపలి నుంచి కూడా తోస్తుంది.

అందుకని ఎగిరిన రేకు దొరికితే దాన్ని తిప్పి బోల్టు రంధ్రం చూడండి. రంధ్రం చుట్టూ రేకు చిరిగి, సాగి ఉందనుకోండి. బోల్టు గట్టిగానే పట్టింది, రేకు ఓడిపోయింది. గాలి బాగానే వచ్చింది. రంధ్రం గుండ్రంగా చెక్కుచెదరకుండా ఉందనుకోండి. అప్పుడు కప్పు మీదికి చూడాలి. అక్కడ రేకును పట్టి ఉంచే జె బోల్టు (కొక్కెంలా వంగిన బోల్టు) తుప్పు పట్టి తెగిందా, నట్టు కింద వాషరే లేదా, మూడు బోల్టులు వేయాల్సిన చోట ఒకటే వేశారా? రేకుతో పాటు కింది ఇనుప పట్టీ కూడా వెళ్లిపోయిందనుకోండి. వెల్డింగు అతికిన చోట చూడండి. చిన్న చుక్క పెట్టి వదిలేస్తే అది 60 కిలోమీటర్ల గాలికి కూడా ఊడుతుంది. ఒకే వీధిలో మూడు షెడ్లు లేచిపోయి నాలుగోది నిలబడిందంటే, నిలబడినదాన్ని కూడా ఫోటో తీయండి. పడనిదే మనకు గాలి వేగానికి పై హద్దు చెప్తుంది. నష్టం రిపోర్టుల్లో నిలబడ్డ ఇంటి ఫోటో ఎప్పుడూ ఉండదు. అది ఉండి తీరాలని నా పట్టుదల.

ఇదే ప్రమాణంలో హైదరాబాద్‌కు సెకనుకు 44 మీటర్లు, విజయవాడ, విశాఖలకు 50 మీటర్లు అని మూల గాలి వేగం ఇచ్చారు. గంటకు లెక్కేస్తే 158, 180 కిలోమీటర్లు. శాశ్వత కట్టడం ఏదైనా ఆ గాలిని దృష్టిలో పెట్టుకునే కట్టాలి. 2024 మే 13న ముంబై ఘాట్‌కోపర్‌లో గాలిదుమారానికి పెట్రోలు బంకు మీద హోర్డింగు కూలి 17 మంది చనిపోయారు. 120 అడుగుల పొడవు, 120 అడుగుల వెడల్పు. అక్కడి నగర పాలక సంస్థ ఒప్పుకునే గరిష్ఠ కొలత 40 అడుగులకు 40 అడుగులు. ముంబైకి కూడా మూల వేగం 44 మీటర్లే. ఇలాంటి చోట దైవఘటన అనే మాట వినపడగానే నాకు కోపం వస్తుంది. అదే గాలికి చుట్టూ ఉన్న ఇళ్లు నిలబడ్డాయి. ఒక్క ఆ పునాది లేచింది. చనిపోయినవాళ్లు వానకు ఆగి బంకులో నిలబడ్డవాళ్లు, పెట్రోలు కొట్టించుకోవడానికి వచ్చినవాళ్లు. వాళ్లకు న్యాయం జరగాలంటే ఎవరో ఒకరు ఆ పునాది కొలతలు జాగ్రత్తగా రాయాలి.

పంటల సంగతి వ్యవసాయ సిబ్బందికి నాకంటే బాగా తెలుసు. రెండు మాటలు మాత్రం చెప్తాను. అరటి తోటలో గెలతో ఉన్న చెట్టు తలబరువుతో ఉంటుంది కాబట్టి అదే ముందు పోతుంది. నడుము విరిగినవి, వేళ్లతో పడినవి వెంటనే కనిపిస్తాయి. సగం ఒరిగి నిలబడ్డవాటిని చాలామంది బాగున్నవాటిలో వేసేస్తారు. గాలి వచ్చిన వైపు వేళ్లు తెగిపోయి ఉంటాయి. పది రోజులకు ఆకు పసుపెక్కి, గెల ఊరదు. అందుకే వాటిని వేరే గడిలో రాసి, పది రోజుల తర్వాత ఇంకోసారి వెళ్లి చూడాలి. ఆకులు చీలికలైనంత మాత్రాన చెట్టు పోయినట్టు రాయకూడదు. మామిడికి వస్తే, రాలిన కాయను తెల్లారకముందే ఏరి పచ్చళ్లకు అమ్మేస్తారు. తప్పులేదు, ఆ నాలుగు డబ్బులైనా రావాలి కదా. మీరు పదకొండింటికి వెళ్లేసరికి చెట్ల కింద శుభ్రంగా ఉంటుంది. కాటా చీటీ అడగండి, కుప్ప పోసిన చోట ఫోటో అడగండి. గట్టు వరస చెట్లనే చూసి లెక్క కట్టొద్దు, అక్కడ గాలి తాకిడి ఎక్కువ. తోట మధ్యలోకీ వెళ్లాలి.

ఇంత జాగ్రత్త ఎందుకంటే నిబంధనలు అంత కచ్చితంగా ఉన్నాయి. 2022–26 కాలానికి విపత్తు సహాయ నిధి ప్రమాణాల ప్రకారం పంట నష్టం 33 శాతం గానీ ఆపైన గానీ ఉంటేనే సాయం. హెక్టారుకు వర్షాధార పంటకు 8,500, నీటి వసతి ఉన్నదానికి 17,000, బహువార్షిక పంటలకు 22,500 రూపాయలు. 32 అని రాస్తే సున్నా. ఇంటికి కూడా అంతే. పాక్షిక నష్టం కనీసం 15 శాతం ఉండాలి. ఇంకో పెద్ద చిక్కు ఉంది. కేంద్రం జాబితాలో తుపాను ఉంది, వడగళ్లు ఉన్నాయి, క్లౌడ్ బరస్ట్ ఉంది. వట్టి ఈదురుగాలి లేదు. రాష్ట్రాలు తమ నిధిలో పది శాతం వరకు స్థానిక విపత్తులకు వాడుకోవచ్చు. ఫసల్ బీమాలో ఒక్కో పొలానికి విడిగా చూసే స్థానిక విపత్తుల్లోనూ వడగళ్లు, ముంపు, కొండచరియలు, క్లౌడ్ బరస్ట్, పిడుగు మంటలు ఉన్నాయి, గాలి లేదు. అది కూడా 72 గంటల్లో సమాచారం ఇస్తేనే. గాలితో పాటు వడగళ్లు పడి ఉంటే ఆకుల మీద చిల్లులు, కాయల మీద దెబ్బలు ఉంటాయి. అవి గాలి నష్టం ఫోటోల్లో పడవు. దగ్గరికి వెళ్లి, పక్కన స్కేలు పెట్టి, విడిగా తీయాలి. అబద్ధం రాయమని నేను అనడం లేదు. ఉన్నది చూడకపోవడం వల్ల ఒక కుటుంబం నష్టపోకూడదు. ఉరుముల గాలిని కూడా ఆ జాబితాలో చేర్చాలని నా గట్టి అభిప్రాయం. మనం సరైన లెక్కలు పంపకపోతే ఆ కోరికకు ఆధారం ఉండదు.

ఇక ప్రశ్నలు అడగండి.

(సభలోంచి ఒక వ్యవసాయ సహాయకురాలు: సార్, మేం వెళ్లేసరికి ఊరివాళ్లు, కరెంటోళ్లు చెట్లు కోసి రోడ్డు క్లియర్ చేసేస్తారు. అప్పుడు దిక్కు ఎలా తెలుస్తుంది?)

మంచి ప్రశ్న అమ్మా. వాళ్లను ఆపకూడదు, అంబులెన్స్ వెళ్లాలి కదా. చెట్టు పోయినా గుంట ఉంటుంది. వేళ్లతో లేచిన చెట్టుకు గాలి వచ్చిన వైపు మట్టి పెళ్ల లేచి, గుంట ఆ వైపే తెరుచుకుని ఉంటుంది. తర్వాత పక్కనున్న ఇళ్ల గోడలు చూడమ్మా. గాలి కొట్టిన వైపు గోడకే బురద తుంపర, ఆకు ముక్కలు అతుక్కుని ఉంటాయి, వెనక గోడ శుభ్రంగా ఉంటుంది. చేలో వరి ఎటు వాలిందో ఎవరూ మార్చలేరు, అది కోత దాకా అలాగే ఉంటుంది. ఊళ్లో కుర్రాళ్ల ఫోన్లలో ఆ రాత్రి తీసిన వీడియోలు తప్పకుండా ఉంటాయి, వాటిని టైముతో సహా తీసుకో. కోసినవాళ్లనే అడిగినా చెప్తారు, చెట్టు రోడ్డుకు అడ్డంగా పడిందా, వెంబడి పడిందా అని. అన్నీ కలిపి చూస్తే దిక్కు దొరుకుతుంది. పక్కన తెగిన వైరు ఉంటే మాత్రం, సరఫరా ఆపేశానని లైన్‌మ్యాన్ తన నోటితో చెప్పేదాకా ఆ గుంట దగ్గరికి వెళ్లొద్దు.